థామ్సన్ గారి రెండో గీత

మొన్న వేసవిలో మా అక్కకి పాప పుట్టింది. మూడో రోజు పాప మడమ మీద చిన్న సూదితో గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలు ఒక మందపాటి కాగితం కార్డు మీద అద్ది ల్యాబ్‌కి పంపించారు. పుట్టిన పిల్లలకి చేయించుకోమని చెప్పే టెస్టే కదా అని ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. వారం తర్వాత ఫోన్ వచ్చింది. ఒక విలువ ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ ఉందట, ఇంకోసారి రక్తం ఇవ్వాలట. కంగారు పడొద్దన్నారు. ఆ మాట విన్నాక కంగారు పడకుండా ఎవరుంటారు? అమ్మ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. బావ రిపోర్టు నా ఫోన్‌కి పంపి, కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను కాబట్టి ఇందులో ఏముందో చూసి చెప్పమన్నాడు. కంప్యూటర్ సైన్స్‌కీ దానికీ ఏం సంబంధమో బావకే తెలియాలి.

ఆ రిపోర్టులో నాకు కాస్త పరిచయం ఉన్న మాట ఒక్కటే, టెస్ట్ చేసిన పద్ధతి పేరు. టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ. ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో ఎక్కడో విన్నట్టు గుర్తు, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టక దాని గురించి చదువుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్తే, చివరికి ఒక తెలిసిన పేరు తగిలింది. జె.జె. థామ్సన్. అదేనండీ, మన పుచ్చకాయ థామ్సన్!

మీకూ గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో పరమాణు నమూనాలు అని ఒక పాఠం. పుచ్చకాయలో ఎర్రటి గుజ్జంతా ధనావేశం, మధ్యమధ్యలో గింజల్లా ఎలక్ట్రాన్లు. అదీ థామ్సన్ మోడల్. కింది పేరాలోనే రూథర్‌ఫర్డ్ వచ్చి అది తప్పు అని తేల్చేస్తాడు. ఒక బొమ్మ, రెండు మార్కులు. పాఠంలో ఓడిపోవడానికే వచ్చిన మనిషిలా ఉంటాడు థామ్సన్. మా అక్క కూతురి రక్తపు చుక్కకి ఈయనకీ సంబంధం ఉంటుందని నేను అస్సలు ఊహించలేదు. అప్పట్నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివాను. చదివింది ఇక్కడ రాస్తున్నాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి తెలుగులో సైన్స్ రాయడం నాకిదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ సీనియర్లు సరిచేస్తారని ధైర్యం.

జోసెఫ్ జాన్ థామ్సన్ 1856 డిసెంబర్ 18న ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర చీతమ్ హిల్‌లో పుట్టాడు. వాళ్ల నాన్న పాత పుస్తకాల వ్యాపారి. ముత్తాతల కాలం నుంచీ అదే షాపు. తల్లి ఎమ్మా బట్టల మిల్లుల వ్యాపారం చేసే కుటుంబం నుంచి వచ్చింది. మాంచెస్టర్ అంటే ఆ రోజుల్లో దూది, ఆవిరి ఇంజన్లు, పొగ గొట్టాలు. అలాంటి ఊళ్లో లెక్కలు బాగా చేసే పిల్లాడిని ఏం చదివించాలి? మన ఇళ్లల్లో చెప్పే సమాధానమే వాళ్ల నాన్న కూడా చెప్పాడు. ఇంజనీరింగ్!

అయితే అప్పుడు ఎంట్రన్స్ ర్యాంకులూ కౌన్సెలింగులూ లేవు. ఒక పెద్ద కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాలి, అందుకు కంపెనీకి మనమే పెద్ద మొత్తంలో డబ్బు కట్టాలి. రైలు ఇంజన్లు తయారుచేసే షార్ప్, స్టివార్ట్ అనే కంపెనీలో చేర్పించాలని అనుకున్నారు. అక్కడ సీటు ఖాళీ అయ్యేవరకు ఊరికే ఉండటం ఎందుకని 1870లో ఓవెన్స్ కాలేజీలో వేశారు. అప్పటికి వాడికి 14 ఏళ్లు. మూడేళ్లకి, 1873లో, నాన్న చనిపోయాడు. అప్రెంటిస్‌షిప్‌కి కట్టే డబ్బు ఇక లేదు. తమ్ముడు ఫ్రెడరిక్ ఇంకా చిన్నవాడు. అలా ఇంజనీరింగ్ కల అక్కడితో ఆగిపోయింది. స్కాలర్‌షిప్పులు వచ్చేది లెక్కలకీ ఫిజిక్స్‌కీ కాబట్టి అటే వెళ్లాడు. నేను ఈ భాగం రెండుసార్లు చదివాను. ఇంజనీరింగ్ సీటు వచ్చాక ఎందుకొచ్చామా అనుకునేవాళ్లు మా క్లాసులో సగం మంది ఉన్నారు, అందులో నేనొకదాన్ని. ఫీజు కట్టలేక ఇంజనీర్ కాలేకపోయిన కుర్రాడు ఎలక్ట్రాన్ కనిపెట్టాడని మాకెవరూ చెప్పలేదు.

1876లో స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీకి వెళ్లాడు. 1880లో గణితం ఆనర్స్ పరీక్షలో యూనివర్సిటీ సెకండ్ వచ్చాడు. ఫస్ట్ వచ్చింది జోసెఫ్ లార్మర్, ఆయనా తర్వాత పెద్ద ఫిజిసిస్టే. అప్పట్లో కెల్విన్ చెప్పిన ఒక ఊహ ఉండేది. పరమాణువు అంటే గట్టి గుండు కాదు, అంతటా నిండి ఉన్న ఈథర్ అనే పదార్థంలో తిరిగే సుడిగుండం అని. పొగ రింగు గాల్లో తన ఆకారం చెడకుండా తేలుతూ పోతుంది చూడండి, అలాంటి రింగు అన్నమాట. థామ్సన్ ఆ రింగుల లెక్కలన్నీ చేసి ఒక పెద్ద వ్యాసం రాశారు, దానికి 1882లో ఆడమ్స్ ప్రైజ్ వచ్చింది. ఆ మోడలూ తప్పే. ఇప్పుడెవరికీ గుర్తు కూడా లేదు. కానీ ఒకటి గమనించండి. పుచ్చకాయ కంటే 20 ఏళ్ల ముందే, పరమాణువు లోపల ఏదో అమరిక ఉండాలి, ఆ అమరిక నుంచే రసాయన ధర్మాలు రావాలి అనే పిచ్చి ఆయనకి పట్టేసింది.

1884లో కేంబ్రిడ్జ్ కావెండిష్ ల్యాబ్‌కి ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయింది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నది మాక్స్‌వెల్, ఆ తర్వాత లార్డ్ రేలీ. అలాంటి చోటికి 28 ఏళ్లు నిండిన నాలుగు రోజులకి థామ్సన్‌ని ఎంపిక చేశారు. చాలామంది ఆశ్చర్యపోయారు, కొంతమంది గొణిగారు కూడా. ఎందుకంటే ఆయన లెక్కల మనిషి. ల్యాబ్ అనుభవం ఉన్న పెద్దవాళ్లు పోటీలో ఉండగా ఆయనకి ఇచ్చారు. ఓవెన్స్ కాలేజీలో ఆయనకి ఇంజనీరింగ్ చెప్పిన ఆస్బర్న్ రేనాల్డ్స్ కూడా అందులో ఉన్నాడు. అవును, మెకానికల్ వాళ్లు ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో లెక్కపెట్టే రేనాల్డ్స్ నంబర్ ఆయనదే. మాస్టారు అడిగిన పోస్టు శిష్యుడికి వచ్చింది.

గొణిగినవాళ్లది పూర్తిగా తప్పని కూడా అనలేం. థామ్సన్ గారికి చేతిపని అస్సలు రాదు. గాజు పరికరం ముట్టుకుంటే పగులుతుందని ల్యాబ్‌లో భయపడేవాళ్లట. దగ్గరికి రాకుండా ఏదో వంకతో పక్కకి పంపేవాళ్లట. ఆయన ప్రయోగాలకి గాజు గొట్టాలన్నీ ఊదినవాడు ఎబెనేజర్ ఎవెరెట్ అనే అసిస్టెంటు. దశాబ్దాల పాటు పక్కనే ఉండి పనిచేశాడు. గాజు కరిగించి, గొట్టం లోపల రేకులు అమర్చి, గాలి లాగేసి, లీకు ఎక్కడుందో వెతికి మళ్లీ అతికించి... ఇదంతా అతను. ఏమి చూడాలో, చూసినదానికి అర్థమేంటో థామ్సన్. మన పాఠంలో ఎవెరెట్ పేరు లేదు. కనీసం మన మ్యాగజైన్‌లోనైనా ఉండనీ.

ఆ ల్యాబ్‌కే రోజ్ పాజెట్ అనే అమ్మాయి లెక్చర్లు వినడానికి వచ్చి, సబ్బు పొరల మీద ప్రయోగాలు మొదలుపెట్టింది. వాళ్ల నాన్న కేంబ్రిడ్జ్‌లో మెడిసిన్ ప్రొఫెసర్. 1890 జనవరి 2న ఇద్దరికీ పెళ్లయింది. 1892లో జార్జ్, 1903లో జోన్ పుట్టారు. జార్జ్ సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు కథ. గాజు గొట్టంలో గాలి చాలావరకు తీసేసి, రెండు చివర్లా ఎక్కువ వోల్టేజి ఇస్తే, కేథోడ్ నుంచి కంటికి కనపడని కిరణాలు బయల్దేరి ఎదురుగా ఉన్న గాజుని ఆకుపచ్చగా మెరిపిస్తాయి. అవేంటో తెలీదు. జర్మనీ వాళ్లలో ఎక్కువమంది అవి కాంతిలాంటి తరంగాలు అన్నారు, బ్రిటిష్ వాళ్లు ఛార్జ్ ఉన్న కణాలు అన్నారు. ఛార్జ్ ఉంటే విద్యుత్ క్షేత్రంలో వంగాలి కదా? హెర్ట్జ్ అంతటివాడు 1883లో చేసి చూస్తే వంగలేదు. థామ్సన్‌కి అనుమానం వచ్చింది. గొట్టంలో మిగిలిన గాలి కిరణాల వల్ల వాహకంగా మారి, ప్లేట్ల మధ్య క్షేత్రాన్ని చంపేస్తోందేమో. ఇంకా గట్టిగా గాలి తీయించారు. అప్పుడు వంగింది.

ఒకవైపు విద్యుత్ క్షేత్రంతో కిందకి, ఇంకోవైపు అయస్కాంత క్షేత్రంతో పైకి లాగి, రెండూ సమానమై కిరణం తిన్నగా పోయేలా చేస్తే దాని వేగం తెలుస్తుంది. కాంతి వేగంలో దాదాపు పదో వంతు వచ్చింది. వేగం తెలిశాక, ఒక్క క్షేత్రంలో ఎంత వంగిందో చూస్తే ద్రవ్యరాశికీ ఛార్జ్‌కీ ఉన్న నిష్పత్తి వస్తుంది. కణం ఎంత బరువుంటే అంత తక్కువ వంగుతుంది, ఎంత ఛార్జ్ ఉంటే అంత ఎక్కువ వంగుతుంది. ఇంతే సూత్రం. దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి, మా పాప రిపోర్టు దాకా ఇదే నడుస్తుంది.

గొట్టంలో గాలి పెట్టినా, హైడ్రోజన్ పెట్టినా, కార్బన్ డయాక్సైడ్ పెట్టినా నిష్పత్తి మారలేదు. కేథోడ్ అల్యూమినియందైనా ప్లాటినందైనా మారలేదు. అది కూడా హైడ్రోజన్ అయానుకి ఉన్నదాంట్లో దాదాపు వెయ్యో వంతు. 1897 ఏప్రిల్ 30న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఈ మాట చెప్పారు. పరమాణువు కంటే చాలా చిన్న కణాలున్నాయి, అన్ని పదార్థాల్లోనూ అవే ఉన్నాయి అని. వినడానికి వచ్చిన ఒక పెద్ద ఫిజిసిస్టు, తమాషాకి చెప్తున్నారనుకున్నానని చాలా కాలం తర్వాత ఆయనతోనే అన్నాడట. అదే సంవత్సరం జర్మనీలో కౌఫ్‌మన్, వీషెర్ట్ కూడా ఇలాంటి కొలతలే చేశారు. కొలవడం ఒకటి, ఆ అంకె చూసి పరమాణువు ముక్కలవుతుందని అనగలగడం ఇంకొకటి. 1899లో ఆయన ఛార్జ్ కూడా విడిగా కొలిచి, ద్రవ్యరాశి నిజంగానే అంత తక్కువ అని చూపించారు. ఎలక్ట్రాన్ అనే పేరు మాత్రం ఆయనది కాదు, స్టోనీ అనే ఆయన అంతకుముందే పెట్టాడు. థామ్సన్ చాలా ఏళ్లు కార్పసల్ అనే పిలిచారు.

సరే, పరమాణువులో ఋణావేశం ఉన్న కణాలున్నాయి. మొత్తం పరమాణువుకి ఛార్జ్ లేదు. మరి ధనావేశం ఎక్కడుంది? ఎలా ఉంటుంది? ఎవరికీ తెలీదు. 1904లో ఆయన రాసిన పేపర్‌లో ధనావేశాన్ని ఒక గోళమంతా సమానంగా పరిచేశారు, ఎందుకంటే దాని గురించి అంతకంటే ఎక్కువ చెప్పడానికి ఆధారం లేదు. ప్లమ్ పుడ్డింగ్, పుచ్చకాయ లాంటి పోలికలు ఆ పేపర్‌లో లేవు, తర్వాత ఇతరులు అంటించినవే. ఆయన పట్టంతా గింజల మీదే. ఆ గింజలు కదలకుండా ఉండేవి కావు, రింగులు రింగులుగా తిరుగుతుండేవి. మాయర్ అనే అమెరికన్ చేసిన ఒక ప్రయోగం ఆయనకి చాలా ఇష్టం. అయస్కాంతం చేసిన సూదుల్ని బిరడా ముక్కలకి గుచ్చి నీళ్లలో వదిలి, పైన పెద్ద అయస్కాంతం పట్టుకుంటే సూదులు వాటంతట అవే సర్దుకుంటాయి. 3 అయితే త్రిభుజం, 4 అయితే చతురస్రం, 5 అయితే పంచభుజి. ఆరోది వేస్తే షడ్భుజి రాదు, ఒకటి మధ్యలోకి వెళ్లి 5 చుట్టూ నిలబడతాయి. థామ్సన్ లెక్కల్లో ఎలక్ట్రాన్లూ అలాగే చేశాయి. ఒక రింగు నిండితే ఇంకో రింగు మొదలు. పీరియాడిక్ టేబుల్‌లో ధర్మాలు మళ్లీ మళ్లీ రావడానికి కారణం ఇదేనేమో అన్నారు. ఇప్పుడు మనం చదివే షెల్స్ ఆలోచనకి మొదటి విత్తనం ఇక్కడుంది. ఈ ముక్క మా టెక్స్ట్‌బుక్‌లో ఉండుంటే, నేను ఆయన్ని పుచ్చకాయ పేరుతో పిలిచేదాన్ని కాదు.

ఇంకో సంగతి నన్ను బాగా ఆపింది. మొదట్లో ఆయన ఒక్కో పరమాణువులో వేల ఎలక్ట్రాన్లు ఉంటాయనుకున్నారు. బరువంతా వాటిదేనని, గోళానికి బరువు లేదని లెక్క. 1906లో ఆయనే మూడు వేర్వేరు దారుల్లో లెక్కకట్టి, ఎలక్ట్రాన్ల సంఖ్య పరమాణు భారం అంకె దరిదాపుల్లోనే ఉంటుందని తేల్చారు. అంటే హైడ్రోజన్‌లో వెయ్యి కాదు, ఒకటో రెండో. ఆ మాట ఆయన మోడల్‌కే దెబ్బ. ఎలక్ట్రాన్లు అంత తక్కువైతే, పరమాణువు బరువంతా ఎవరికీ తెలియని ఆ ధనావేశంలో ఉండాలి! సరిగ్గా అదే సంవత్సరం ఆయనకి నోబెల్ వచ్చింది, వాయువుల్లో విద్యుత్ ప్రసారం మీద చేసిన పనికి. 1908లో సర్ బిరుదు.

రూథర్‌ఫర్డ్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తాను. వేరే యూనివర్సిటీల వాళ్లు రీసెర్చ్‌కి రావచ్చని కేంబ్రిడ్జ్ 1895లో రూల్ మార్చింది. అలా వచ్చిన మొదటివాళ్లలో ఒకడు న్యూజిలాండ్ రైతు కొడుకు రూథర్‌ఫర్డ్. థామ్సన్ దగ్గరే పని నేర్చుకుని, 1911లో మాంచెస్టర్‌లో కూర్చుని గురువుగారి గోళాన్ని ఒక చిన్న కేంద్రకంగా కుదించేశాడు. ఆ ఏడాదే బోర్ అనే డేనిష్ కుర్రాడు ఎలక్ట్రాన్ల మీద థీసిస్ రాసి, థామ్సన్‌కి చూపించాలని ఆశగా కేంబ్రిడ్జ్ వచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో థామ్సన్ పుస్తకంలో తప్పులు చూపించాడట. మన వైవాలో ఇలా చేస్తే ఏమవుతుందో తెలుసుగా. థామ్సన్ కోప్పడలేదు, కానీ ఆ థీసిస్ చదివే తీరిక కూడా చేసుకోలేదు. కొన్ని నెలలు చూసి బోర్ మాంచెస్టర్‌కి, రూథర్‌ఫర్డ్ దగ్గరికి వెళ్లిపోయాడు. 1913లో బోర్ మోడల్ వచ్చింది. థామ్సన్ గారి తప్పే ఇది, నా దృష్టిలో. పెద్దవాళ్లు తీరిక లేదనడం కూడా ఒక సమాధానమే.

మరి ఆ టైంలో ఆయన దేంట్లో మునిగిపోయారు? ఇక్కడే నేను వెతుకుతున్నది దొరికింది. ఆయన ధనావేశం వెంటపడ్డారు. తన మోడల్‌లో తెలీక గోళంలా గీసి వదిలేసిన భాగం ఉంది కదా, దాన్నే తూకం వేయాలనుకున్నారు.

గొట్టంలో కేథోడ్‌కి చిన్న రంధ్రం పెడితే, దాని వెనకవైపు ఇంకో రకం కిరణాలు వస్తాయని గోల్డ్‌స్టీన్ 1886లోనే చూశాడు. గొట్టంలో మిగిలిన వాయువు పరమాణువుల్ని ఎలక్ట్రాన్లు గుద్దితే, వాటిలోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. మిగిలినది ధనావేశమున్న అయాన్. అది కేథోడ్ వైపు పరిగెత్తి, రంధ్రంలోంచి అవతలికి దూకుతుంది. థామ్సన్ ఆ రంధ్రాన్ని సన్నని పొడవాటి గొట్టంగా చేయించి, బయటికి వచ్చిన దారాన్ని విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండిట్లోంచీ ఒకేసారి పంపారు. రెండు క్షేత్రాలూ ఒకే దిశలో ఉంటాయి. ఒకటి పక్కకి వంచుతుంది, ఇంకోటి పైకి వంచుతుంది. చివర్లో ఫోటో ప్లేటు.

అయాన్లన్నీ ఒకే వేగంతో రావు. వేగంగా వచ్చినవి తక్కువ వంగుతాయి, నెమ్మదిగా వచ్చినవి ఎక్కువ. అందుకని ఒకే రకం అయాన్లు ప్లేటు మీద చుక్కలా కాకుండా వంపు తిరిగిన గీతలా పడతాయి. లెక్క చేస్తే అది పారాబోలా. ఇంటర్‌లో పారాబోలా ఎందుకు చదివామో నాకు ఇప్పుడు తెలిసింది! ద్రవ్యరాశి, ఛార్జ్ నిష్పత్తి మారితే వేరే పారాబోలా. కాబట్టి గొట్టంలో ఏమేం ఉన్నాయో ప్లేటు కడిగితే చాలు, ఒక్కోదానికి ఒక్కో గీత. హైడ్రోజన్‌కి 1 దగ్గర, 2 దగ్గర. ఆక్సిజన్‌కి 16. కార్బన్ మోనాక్సైడ్‌కి 28. ఒకసారి 3 దగ్గర గీత వచ్చింది. ఏంటా అని తల పట్టుకున్నారు. అది మూడు హైడ్రోజన్ పరమాణువులు కలిసిన అయాన్. అదే అయాన్ తర్వాత జూపిటర్ మీద, నక్షత్రాల మధ్య మేఘాల్లో కూడా కనిపించింది.

1912లో ఆయన, అసిస్టెంటు ఫ్రాన్సిస్ ఆస్టన్ కలిసి గొట్టంలో నియాన్ పెట్టారు. నియాన్ పరమాణు భారం 20.2 అని తెలుసు. 20 దగ్గర గీత స్పష్టంగా వచ్చింది. దాని పక్కన, 22 దగ్గర, ఇంకో మసక గీత.

ఇంతకీ ఆ 22 ఎవరు? అలాంటి మూలకం లేదు. ఇక్కడ థామ్సన్ పద్ధతి చూడండి. మొదటి అనుమానం కార్బన్ డయాక్సైడ్. దాని భారం 44, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే నిష్పత్తి 22 అవుతుంది. అందుకని వాయువుని ద్రవ గాలిలో ముంచిన గొట్టంలోంచి పంపారు. ఆ చలికి కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టి ఆగిపోతుంది. 44 గీత పోయింది. 22 అలాగే ఉంది. రెండో అనుమానం, నియాన్‌తో రెండు హైడ్రోజన్లు కలిశాయేమో, 20కి 2 కలిపితే 22 కదా. నియాన్ దేనితోనూ కలవని వాయువు, అయినా ఆ అనుమానం ఆయన్ని వదల్లేదు. 1913 జనవరిలో మాత్రం ఆయనే ధైర్యం చేసి, నియాన్ ఒక్క వాయువు కాకపోవచ్చు, రెండు వాయువుల మిశ్రమం కావచ్చు అని ప్రకటించారు.

ఆ సంవత్సరమే సాడీ అనే కెమిస్టు, రేడియోధార్మిక పదార్థాల వైపు నుంచి వచ్చి ఐసోటోప్ అనే మాట తెచ్చాడు. ఒకే మూలకం, ఒకే రసాయన గుణాలు, వేరే బరువు. ఆస్టన్ నియాన్‌ని మట్టి గొట్టాల గోడల్లోంచి మళ్లీ మళ్లీ వడకట్టి, రెండు భాగాలు చేసి తూచాడు. ఒకటి 20.15, ఇంకోటి 20.28. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. యుద్ధం అయ్యాక 1919లో ఆస్టన్ గురువుగారి పరికరాన్ని మార్చాడు. వేగం ఎంతున్నా ఒకే నిష్పత్తి ఉన్న అయాన్లన్నీ ఒకే చోట కలిసేలా చేశాడు. దాని పేరే మాస్ స్పెక్ట్రోగ్రాఫ్. నియాన్‌లో 20, 22 ఖాయం. ఇప్పటి లెక్కల్లో 20ది 90 శాతం, 22ది 9 శాతం పైన, కొద్దిగా 21 కూడా. 20ని తొమ్మిదిసార్లు, 22ని ఒకసారి కూడి పదితో భాగించి చూడండి, 20.2 వస్తుంది. క్లోరిన్‌కి 35, 37. ఇంటర్‌లో 35.5 ఎందుకో అడక్కుండా బట్టీ పట్టాం కదా, దానికి ఇదీ జవాబు. 1922లో ఆస్టన్‌కి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

విచిత్రమేంటంటే, థామ్సన్ గారు వెంటనే నమ్మలేదు. యుద్ధం తర్వాత కూడా ఐసోటోపుల మీద సందేహాలు లేవనెత్తుతూనే ఉన్నారు. ఆ గీతలు హైడ్రోజన్ కలిసిన సమ్మేళనాలవేమో అని అడుగుతూనే ఉన్నారు. తన ప్లేటు మీద, తన గొట్టంలోంచి వచ్చిన గీత! మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, 3 దగ్గర గీతకి సరైన జవాబు హైడ్రోజన్ కలవడమే కదా. ఒకసారి నిజమైన జవాబు ఇంకోసారి కూడా నిజమవుతుందని అనుకోవడం సహజం. నా కోడ్‌లో బగ్ వచ్చినప్పుడు నేనూ పోయినసారి దొరికిన చోటే వెతుకుతాను.

ఆయన నమ్మకం తగ్గనిది ఇంకోటుంది. 1913లోనే ధన కిరణాల మీద ఒక పుస్తకం రాసి, ఇది కెమిస్టులు వాడాల్సిన పద్ధతి అని గట్టిగా చెప్పారు. కొంచెం పదార్థం చాలు, శుద్ధి చేయక్కర్లేదు, కొత్తది ఏదున్నా దాని బరువుతో సహా కనిపిస్తుంది అని. అప్పట్లో కెమిస్టులు పెద్దగా పట్టించుకోలేదు. 2008లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్ 1, చంద్రుడి మీదకి జారవిడిచిన చిన్న పెట్టెలో కూడా ఒక మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది. కిందకి పడుతూ దారి పొడవునా అక్కడి పల్చటి వాయువుల్ని తూచింది.

1918లో ఆయన ట్రినిటీ కాలేజీకి మాస్టర్ అయ్యారు. మరుసటేడు కావెండిష్ కుర్చీ వదిలేస్తే, అందులో కూర్చున్నది రూథర్‌ఫర్డే. తన మోడల్‌ని కూల్చినవాడికి తన ల్యాబ్ అప్పగించి, ఆయన అదే ల్యాబ్‌లో ఒక మూల తన ప్రయోగాలు చేసుకున్నారు. శిష్యుల్లో రూథర్‌ఫర్డ్, ఆస్టన్, విల్సన్, రిచర్డ్‌సన్, బార్‌క్లా అందరికీ నోబెల్స్ వచ్చాయి. కొడుకు జార్జ్‌కి 1937లో వచ్చింది, ఎలక్ట్రాన్ తరంగంలా కూడా ప్రవర్తిస్తుందని చూపించినందుకు. నాన్న కణం అన్నారు, కొడుకు తరంగం అన్నాడు, ఇద్దరికీ బహుమతి. చివరి వరకు ఆయనకి మొక్కలంటే ప్రాణమట, పొలాల్లో అడవి పూల కోసం వెతుక్కుంటూ నడిచేవారట, కానీ తోటలో పలుగు మాత్రం ముట్టుకునేవారు కాదట. ఎవెరెట్ ఉంటే నవ్వుకునేవాడు. 1940 ఆగస్టు 30న, 83 ఏళ్ల వయసులో చనిపోయారు. అస్థికలు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో న్యూటన్ సమాధికి దగ్గర్లో ఉంచారు. అంతకు మూడేళ్ల ముందే వెళ్లిపోయిన రూథర్‌ఫర్డ్ కూడా అక్కడే ఉన్నాడు.

మా పాప విషయానికి వస్తాను. ఎక్కువుందన్న పదార్థం పేరు ఫినైల్‌అలనిన్. మనం తినే ప్రొటీన్‌లో ఉండేదే, కానీ కొంతమంది పిల్లల శరీరం దాన్ని వాడుకోలేదు, అది పేరుకుపోయి మెదడుని దెబ్బతీస్తుంది. మొదటి వారాల్లోనే తెలిస్తే ఆహారం మార్చి కాపాడొచ్చు. దాని భారం 165. మెషీన్‌లో ఒక ప్రోటాన్ తగిలించుకుని 166 అవుతుంది. మొదటి జల్లెడ 166 వాటినే వదులుతుంది, మధ్యలో వాయువుకి గుద్దుకుని అవి విరుగుతాయి, రెండో జల్లెడ 120 బరువున్న ముక్కల్ని లెక్కపెడుతుంది. రెండు స్పెక్ట్రోమీటర్లు ఒకదాని వెనక ఒకటి, అందుకే టాండెమ్. అయితే ఎన్ని ఉంటే ఎక్కువ అని ఎలా తెలుస్తుంది? రక్తపు చుక్కలో తెలిసిన మోతాదులో ఇంకో ఫినైల్‌అలనిన్ కలుపుతారు, 5 హైడ్రోజన్ల చోట దాని బరువైన ఐసోటోప్ పెట్టి తయారుచేసింది. రసాయనంగా ఏ తేడా లేదు, బరువు మాత్రం 5 ఎక్కువ. తెరమీద 166ది ఒక గీత, పక్కనే 171ది రెండో గీత. రెండో గీతతో పోల్చి మొదటిది ఎంతో చెప్తారు.

రెండో రిపోర్టు నాలుగో రోజు సాయంత్రం వచ్చింది. అక్క తెరవమని ఫోన్ నాకే ఇచ్చింది. విలువ మామూలుగానే ఉంది. అమ్మ దేవుడి గదిలో కొబ్బరికాయ కొట్టింది. బావకి నేను గీతల సంగతి చెప్పబోతే వినలేదు, స్వీట్లు తేవడానికి వెళ్లిపోయాడు. పాప అప్పటికే నిద్రపోయింది, మడమ మీద సూది గుచ్చిన చోట రెండు చిన్న ఎర్రటి చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి.